నట్టు మాహాత్మ్యం

న్యూజిలాండ్‌లో కార్ల యజమానులు భక్తితో ఆచరించే వ్రతాలలో ప్రథమస్థానం, వారంటు ముందునాటి రాత్రి జరిగే హ్యాండ్‌బ్రేకు బిగింపుది. వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్ అంటే కారు రోడ్డెక్కడానికి తగినదేనని తనిఖీ చేసినవారు ఇచ్చే ధ్రువీకరణ. 2014 నాటి సవరణలు 2000 నుంచి నమోదైన కార్లకు ఏడాది గడువిచ్చి, అంతకు పాతవాటికి ఆరు నెలల గడువునే ఉంచాయి గనుక, ముసలి కార్లకు ఈ వ్రతం మరింత తరచుగా చేయవలసి వచ్చింది. విధానం మాత్రం సులభం: లీవరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మూత ఊడదీసి, కేబుల్ చివరి నట్టును స్పానరుతో నాలుగు చుట్లు తిప్పి, నిన్నటిదాకా నిటారుగా లేచిన లీవరు నేడు మూడు క్లిక్కులకే బిగుసుకుందని ఇంటిల్లిపాదికీ చూపించి, మెకానిక్ ఖర్చు మిగిలిందని ప్రకటించాలి.

దీనికి శాస్త్రప్రమాణం కూడా చూపుతారు. ఎనిమిదో నంబరు తీగ, అనగా పొలాల కంచెకు వాడిన సుమారు 4 మిల్లీమీటర్ల మందం గల ఇనుపతీగ, చేతిలో ఉంటే బాగుచేయలేనిది లేదని ఆ దేశపు ప్రజల విశ్వాసం. 1960ల నుంచి కంచెలకు సన్నని గట్టి తీగ వచ్చినా విశ్వాసం మాత్రం పలచబడలేదు. ఇన్వర్‌కార్గిల్ వాసి బర్ట్ మన్రో తన షెడ్డులో పిస్టన్లు స్వయంగా పోతపోసుకుని, 1920 నాటి ఇండియన్ మోటార్‌సైకిల్‌పై 1967లో అమెరికాలోని ఉప్పునేలల మీద ప్రపంచ రికార్డు నెలకొల్పిన మాట నిజమే. అయితే మన్రో ఇంజను విప్పి చూసేవాడు. ఆయన వారసులమని చెప్పుకునేవారు ప్లాస్టిక్ మూత దాటి లోపలికి పోరు. సొంత కారుకు 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు తీరేదాకా హ్యాండ్‌బ్రేకు సంగతి ఎవరూ అడగని తెలుగునేల నుంచి వచ్చినవారికి కూడా ఆక్లండ్‌లో ఈ దీక్ష తీసుకోవడానికి ఆట్టే కాలం పట్టదు.

లీవరు ఎత్తుకు లేవడం రోగం కాదు, లక్షణం. లీవరు లాగినప్పుడు కేబుల్ వెనుక చక్రాల డ్రమ్ములలోని అర్ధచంద్రాకారపు బ్రేక్ షూలను బయటికి తోసి డ్రమ్ము గోడకు ఒత్తుతుంది. షూల మీది లైనింగ్ అరిగి, మధ్య సందు పెరిగినందువల్లనే లీవరు అంత దూరం ప్రయాణిస్తుంది. ఆ సందును తగ్గించవలసింది డ్రమ్ములోని పళ్లచక్రపు సర్దుబాటుతో. అది వదిలి కేబుల్‌నే బిగిస్తే, లీవరు దించినా షూలు పూర్తిగా వెనక్కి రావు, దానంతటదే సర్దుకునే యంత్రాంగం పనిచేయడం మానుతుంది, చక్రం రాచుకుంటూ తిరిగి, వేడెక్కి, మిగిలిన లైనింగ్‌ను కూడా తినేస్తుంది. పైన పటారం, లోన లొటారం.

మరొక శాఖవారు ఆటోమేటిక్ కారులో పి అనే అక్షరం ఉండగా హ్యాండ్‌బ్రేకు అలంకారమేనని వాదిస్తారు. ఆ అక్షరం వెనుక ఉన్నది గేరుబాక్సులో ఒక పళ్లచక్రపు సందులోకి దిగే చిన్న ఉక్కు కొక్కెం మాత్రమే. ఏటవాలులో కారు బరువంతా దానిమీద వేలాడదీసి, వాడని కేబుల్‌ను తుప్పుకు వదలడం ఈ శాఖ సాధించిన పొదుపు. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేకు ఉన్న కార్లలో సర్వీసు స్థితిలో పెట్టకుండానే వెనుక పిస్టన్‌ను బలవంతంగా నొక్కి మోటారును పాడుచేసే ధీరులది మూడో శాఖ.

తనిఖీ నియమం ప్రకారం హ్యాండ్‌బ్రేకు 5 మీటర్లకు 1 మీటరు లేచే వాలులో కారును నిలపగలగాలి. డునెడిన్‌లోని బాల్డ్విన్ వీధి అత్యంత నిటారైన చోట 2.86 మీటర్లకే 1 మీటరు లేస్తుంది. ప్రపంచంలోకెల్లా ఏటవాలు వీధి అన్న బిరుదును 2019లో వేల్స్‌లోని హార్లెక్ పట్టణపు వీధికి పోగొట్టుకుని 2020లో తిరిగి సాధించుకున్న వీధి అది. నట్టు వ్రతఫలాన్ని అక్కడ పరీక్షించాలని ఏ భక్తుడికీ తోచినట్టు లేదు.

ఇంట్లో ఈ పని చేయకూడదని ఎవరూ అనలేదు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్మక కారును స్టాండ్ల మీద నిలిపి, లీవరు దించి, కేబుల్ వదులు చేసి, డ్రమ్ము తీసి లైనింగ్ చూసి, షూలు సర్దిన తరువాతనే నట్టు జోలికి పోవాలి. చివరకు లీవరు దించితే చక్రం చేతితో స్వేచ్ఛగా తిరగాలి. వారంటు తనిఖీ జరిగిన రోజు పరిస్థితినే చెబుతుంది; మరునాటి నుంచి కారును ఆ ప్రమాణంలో ఉంచవలసిన బాధ్యత చట్టప్రకారం యజమానిదే.