తలయు దూరెనేని: ఒక స్వెట్టరు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ.వె.
ఊలు లావు చూచి యుండలన్నియు నొక్క
తొట్టి రంగువైన తూచి కొనుము;
నాల్గు పలక లల్లి నలువైపులను గుట్టి
తలయు దూరెనేని తరుణి! చాలు.

అవతారిక

లోకంలో పద్యం ముందు పుడుతుంది, టీకాకారుడు ఏ వందేళ్ళకో వెనకాల వస్తాడు. ఇక్కడ టీక రాయాలన్న దురద ముందు పుట్టింది గనుక పద్యం కూడా టీకాకారుడే కట్టుకోవలసి వచ్చింది. కాబట్టి కవి హృదయం తెలియక తికమక పడ్డామన్న సాకు ఈ టీకకు లేదు.

కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కొలిచెలమ మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ముందున్నది మేఘసందేశం. మన ముందున్నది ఊలు ఉండ. మొదటి నియమం పాటిస్తాం, రెండోదానికి పూచీ లేదు.

ప్రతిపదార్థం

తరుణి = ఓ పడుచుదానా; ఊలు లావు = అల్లిక దారపు మందాన్ని; చూచి = పరీక్షించి; ఉండలు అన్నియున్ = కొనబోయే ఉండలన్నీ; ఒక్క తొట్టి రంగువి ఐనన్ = ఒకే తొట్టిలో ఒకే విడతలో అద్దిన రంగువైతేనే; తూచి కొనుము = ఎంత కావాలో లెక్క చూసుకొని కొను; నాల్గు పలకలు = నాలుగు దీర్ఘచతురస్రాలను; అల్లి = (రెండు సూదులతో అని అధ్యాహారం) అల్లి; నలువైపులను కుట్టి = కుట్టవలసిన చోట్ల కుట్టి; తలయున్ = తల కూడా; దూరెనేని = దూరిందంటే; చాలు = అంతటితో ఆపు.

తాత్పర్యం

మొదటి స్వెట్టరుకు మధ్యరకం దారం, ఒకే లాటు రంగు, నాలుగు పలకల డిజైను సరిపోతాయి. తొడిగించుకునేవాడి తల పట్టాలి. అంతకు మించి సోకులు వద్దు.

వ్యాఖ్య

పద్యం మొత్తంలో స్వెట్టరు అన్న మాట లేదు. ఊలు, అల్లడం, తల దూరడం మూడూ ఒకచోట చేరాయి గనుక వస్తువు అదేనని ధ్వని. మంకీ క్యాపు ఎందుకు కాకూడదంటే దానికి నాలుగు పలకలు అక్కర్లేదు.

ఈ టీక రాస్తున్నది తిరువూరులో గనుక ఇక్కడ పూర్వపక్షి, అంటే ఆక్షేపించేవాడు, లేస్తాడు. తిరువూరులో స్వెట్టరేమిటయ్యా? విజయవాడ నుంచి జగ్దల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దుకు కూతవేటులో ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాలోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది గాని ఎండ ఏమీ మారలేదు. ఈ చుట్టుపక్కల చలి గురించి మొదట దిగులు పడేది మామిడి తోటల వాళ్ళు. మంచుకు పూత మాడిపోతుందేమోనని. ఒంటి మీద చలి సంగతి ఆ తర్వాతే.

దీనికి సమాధానం. ధనుర్మాసంలో తెల్లవారుజామున బోసుబొమ్మ సెంటరులో బస్సు కోసం నిలబడిన వాళ్ళను చూస్తే ఈ ఆక్షేపణ సగం వీగిపోతుంది. మిగతా సగానికి అసలు జవాబు ఇది: సిమ్లాలో మొదటి స్వెట్టరు అల్లితే అది నిజంగా చలి ఆపాలి, కుట్టు జారితే పిల్లవాడు వణుకుతాడు. తిరువూరులో స్వెట్టరుకు ఏడాదికి కొన్ని వారాలే కొలువు, అదీ పొద్దెక్కేదాకానే. ఎనిమిదయ్యేసరికి ఎలాగూ విప్పేస్తారు. కనుక చేయి తిరగని వాళ్ళకు ఇంతకన్నా అనువైన ఊరు లేదు. తప్పులు చేయడానికి ఇక్కడి వాతావరణం పూర్తి అనుమతి ఇస్తుంది.

'ఊలు' అనగానే గొర్రెను తలచుకోకూడదు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, 1.91 కోట్లు, రెండోది ఆంధ్రప్రదేశ్‌ది, 1.76 కోట్లు. ఇన్ని గొర్రెలుండీ మనకు స్వెట్టరు ఊలు లేదు. నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి మీద వెంట్రుకే గాని ఉన్ని ఉండదు. దక్కనీ గొర్రెకు ఉంటుంది, నల్లగా, ముతగ్గా. అది కురుమల చేతిలో గొంగడి అవుతుంది. గొంగడి మగ్గం మీద నేసేది, వానకూ చలికీ నిలిచేది, పసివాడి మెడకు తగిలితే మాత్రం ఊరంతా వినపడేలా ఏడుస్తాడు. మరి ఫ్యాన్సీ షాపులో లేసులకూ బొత్తాలకూ పక్కన అద్దాల బీరువాలో ఉండేదేమిటి? లూథియానా నుంచి వచ్చిన అక్రిలిక్. పెట్రోలియం బిడ్డ. అనుమానముంటే చిన్న పోగు తెంచి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించాలి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడి అవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలాగా మిగులుతుంది. అందుకే దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టరాదు. మెరిసి, సాగి, మళ్ళీ దారికి రాదు.

అయినా మొదటి స్వెట్టరుకు అక్రిలిక్ మంచిదేనని ఈ టీకాకారుడి మతం. చవక, పదిసార్లు విప్పి అల్లినా ఏమీ అనుకోదు, ఉతికితే కుంచించుకుపోదు. మనవడు డాలస్‌లో ఉంటే మరీ మంచిది. అక్కడ వాషింగ్ మెషీన్‌లో పడ్డ అసలు ఉన్ని స్వెట్టరు, దాని పోగుల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల, బొమ్మకు సరిపోయేంతయి బయటికొస్తుంది. తిరువూరులోనే తొడిగేదానికైతే నూలు దారం కూడా చూడవచ్చు, గాలాడుతుంది. కాని బరువు, వేలాడుతుంది, చేతికి సాగదు.

'లావు చూచి' అన్నాడు గాని ఎంత లావో చెప్పలేదు. దీన్ని ప్లై సంఖ్యతో తేల్చేద్దామనుకుంటారు కొందరు. ప్లై అంటే ఎన్ని పోగులు పేనారో చెప్పేదే తప్ప మొత్తం ఎంత మందమో చెప్పదు. నాలుగు సన్నపోగులు రెండు లావుపోగులకన్నా సన్నం కావచ్చు. నాలుగంగుళాలకు 22 కుట్లు వచ్చే దారం మధ్యరకం; డబుల్ నిట్ అంటారు. దీనికి 4 మిల్లీమీటర్ల సూదులు. మన షాపుల్లో పాత ఇంగ్లీషు నంబర్లే ఇంకా నడుస్తున్నాయి కనుక 8 నంబరు అని అడగాలి. 10 నంబరు అంతకన్నా లావుగా ఉంటుందనుకోవడం అమాయకత్వం, అది 3.25 మిల్లీమీటర్లు. సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. పదవుల్లో దీనికి సరిగ్గా విపర్యయం.

రంగు లేతదై ఉండాలి. నలుపు, ముదురు నీలం కొంటే కుట్టు ఎక్కడుందో కంటికి ఆనదు. బొచ్చు దారం అసలే వద్దు. జారిన కుట్టు ఆ బొచ్చులో దాక్కుని మూడు వరసల తర్వాత బయటపడుతుంది.

'ఒక్క తొట్టి రంగు'. ఇది పద్యంలో ప్రాణపదం. ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద రంగు నంబరు పక్కన లాట్ నంబరు ఉంటుంది. రంగు నంబరు ఒకటే అయినా తొట్టి మారితే ఛాయ మారుతుంది. ట్యూబ్‌లైటు కింద కవలల్లా కనబడతాయి. అల్లి, తొడిగి, మధ్యాహ్నం వాకిట్లోకి తెస్తే రొమ్ము సగం ఒక ఆకుపచ్చ, పొట్ట సగం ఇంకో ఆకుపచ్చ. షాపతను 'అదే రంగమ్మా' అంటాడు; అబద్ధం కాదు, సత్యంలో సగం. గత్యంతరం లేక రెండు లాట్లు కొంటే రెండు వరసలు ఒక ఉండతో, రెండు వరసలు ఇంకో ఉండతో మార్చి మార్చి అల్లాలి. తేడా అంతటా పరచుకుని ఎవరికీ పట్టదు.

'తూచి' అన్నదానికి వాచ్యార్థం చాలదు, లక్షణ చెప్పుకోవాలి. స్వెట్టరు తినేది బరువును కాదు, పొడవును. అక్రిలిక్ సాంద్రత సుమారు 1.17, ఉన్నిది 1.31, నూలుది 1.5. అంటే ఒకే మందానికి వంద గ్రాముల నూలు ఉండలో వంద గ్రాముల అక్రిలిక్ ఉండ కన్నా మీటర్లు తక్కువ. ఆరు నెలల పసివాడికి 150 గ్రాముల అక్రిలిక్ సరిపోవచ్చు. అదే బరువు నూలు కొంటే రెండో చేతి దగ్గర ఆగిపోతారు. అప్పుడు మళ్ళీ షాపుకు, మళ్ళీ లాట్ నంబరుకు. ఒక ఉండ ఎక్కువే కొనాలి.

'నాల్గు పలకలు'. ముందు, వెనక, రెండు చేతులు. చంక వంపులు లేవు, మెడ తరుగులు లేవు. డిజైను అనేది ఇంతేనా అని ముక్కు విరిచేవారికి జవాబు: మొదటిసారి ఇంతే. అన్ని వరసలూ నిట్ (సీదా) కుట్టే వేయాలి, పర్ల్ (ఉల్టా) జోలికి పోకూడదు. ఇలా అల్లితే గుడ్డ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు చుట్టుకోవు. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేస్తే చూడటానికి షాపు సరుకులా ఉంటుంది గాని అంచులు అప్పడంలా ముడుచుకుంటాయి.

లెక్క కూడా సులువు. ఆరు నెలలవాడి రొమ్ము 17 అంగుళాలు. కాస్త వదులుగా 20 అనుకుందాం. ముందు పలక 10, వెనక పలక 10. ముందుగా నాలుగంగుళాల నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కుట్లు లెక్కపెట్టాలి. అంగుళానికి అయిదున్నర వస్తే పలకకు 55 కుట్లు. కొత్తవాళ్ళు భయంతో బిగించి అల్లుతారు, ఆరున్నర వస్తాయి. అప్పుడూ 55 కుట్లే వేస్తే పది కావలసింది ఎనిమిదిన్నర అవుతుంది. నమూనా ముక్క అల్లడం దండగ అని ఎగ్గొట్టే వాళ్ళు మొత్తం స్వెట్టరును నమూనాగా అల్లుతున్నారన్నమాట.

'నలువైపులను గుట్టి'. దీన్ని అక్షరాలా పాటించి ముందు వెనక పలకలను నాలుగు వైపులా కుట్టేస్తే వచ్చేది మూతి కూడా కుట్టేసిన దిండు గలీబు. కనుక ఇక్కడ నలువైపులు అంటే రెండు భుజాలు, రెండు పక్కలు అని సంకోచం చేసుకోవాలి. చేతులు ముందు భుజాలకు అతికి, ఆ తర్వాతే పక్కలు కుట్టాలి.

'తలయు'. ఇక్కడ సముచ్చయం వ్యర్థం కాదు. ఒళ్ళు దూరడం ఎలాగూ దూరుతుంది, తల కూడా దూరాలి అని. పసివాళ్ళకు సుమారు ఏడాది వచ్చేవరకు తల చుట్టుకొలత రొమ్ముకు సమానంగానో కాస్త ఎక్కువగానో ఉంటుంది. ఒళ్ళు కొలిచి స్వెట్టరు అల్లి మెడ దగ్గర బోర్లాపడేది అందుకే. 10 అంగుళాల పలకలో మెడకు అయిదున్నర వదిలి భుజాలు కుట్టేస్తే చీలిక చుట్టుకొలత 11. తల 17. ఏడుపు ఖాయం. తల పట్టేంత, అంటే ఎనిమిదిన్నర వదిలితే భుజానికి ముక్కాలంగుళం మిగిలి స్వెట్టరు చేతుల మీదికి జారుతుంది. కాబట్టి భుజాలు కుట్టకుండా బొత్తాలు పెట్టాలి. రెండు భుజాలూ తెరిస్తే చీలిక మొత్తం 20, తగవు లేదు. బొత్తాలు గట్టిగా కుట్టాలి, పసివాడు మొదట రుచి చూసేది వాటినే.

అలా చేస్తే 'నలువైపులు' రెండే మిగులుతాయి కదా అని ఎవరైనా పట్టుకుంటే, పెద్దవాళ్ళ స్వెట్టరుకు నాలుగు, పసివాళ్ళకు రెండు అని వ్యవస్థిత వికల్పం చెప్పుకోవాలి. టీకాకారులు ఇరుక్కున్నప్పుడల్లా ఇదే చేశారు.

'తరుణి' సంబోధన ఛందస్సు కోసం పడింది. అల్లేది రిటైరైన బాబాయిగారైనా పద్యం చెల్లుతుంది. నరసాపురం వైపు నుంచి కోడలిగా వచ్చిన అమ్మాయైతే, పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు పని పుట్టింట్లో చూసి ఉంటుంది గనుక, ఒక్క కొక్కెం సూది చాలదా అంటుంది. బొత్తాల ఉచ్చులకు చాలు. స్వెట్టరుకు రెండు సూదులే కావాలి. కొక్కెం అల్లిక ఎక్కువ దారం తింటుంది, మందంగా వస్తుంది, ఈ ఎండలకు అసలే పనికిరాదు.

పాఠాంతరం

చివర 'తరుణి! చాలదు' అని అత్తగారి పాఠం ఒకటి వినవస్తోంది. టోపీ, మేజోళ్ళు, చేతికి గ్లౌజులు కూడా ఉండాలని ఆమె భావం. ఆటవెలది చివర సూర్యగణం ఉండాలి. 'చాలదు' భగణం, గణభంగం. కనుక ఆ పాఠం గ్రాహ్యం కాదు. మేజోళ్ళు కావాలంటే వేరే పద్యం, వేరే ఉండ, అదీ అదే లాటులో దొరికితే.