సీసాలు తెచ్చినవా బావా?

నెక్కొండ స్టేషన్‌లో మిలట్రీ ఆయన రైలు దిగితే మనం చేసే మర్యాద చూసి తీరాలి. నల్ల ట్రంకుపెట్టె కింద పెట్టకముందే అడిగేస్తాం: "బావా, క్యాంటీన్ సీసాలు ఎన్ని తెచ్చినవ్?" నిద్ర పడుతోందా అని అడిగితే దేశభక్తికి భంగం కదా!

ఇక సెలవు సంగతి. చెల్లె పెళ్లి అప్పుకు మిత్తి కట్టాలి. పాలివాడు జరిపిన గెట్టు మీద పంచాయితీ తెంపాలి. పాసుపుస్తకం కోసం తహసీల్దార్ ఆఫీసు మెట్లెక్కాలి. భూరికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది గానీ "రేపు రాపో" మాత్రం ఎక్కడికీ పోలేదు. దేశం సరిహద్దు కాసేవాడు సొంత చేను గెట్టు కాసుకోలేక మళ్లీ రైలెక్కుతాడు.

కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో ఐదేళ్లలో 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2024లో ప్రభుత్వమే రాజ్యసభకు చెప్పింది. అందులో 80 శాతానికి పైగా సెలవు నుంచి తిరిగొచ్చాక జరిగినవేనట. ఈ ఒక్క లెక్కతో పైవాళ్లకు ప్రాణం లేచొచ్చింది: తప్పు ఇంటిది! ఇంటివాళ్లు డ్యూటీ దిక్కు చూపిస్తారు. ఫైలు మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

ఇక ఆర్మీ సైనికుల్లో సగానికి పైగా తీవ్ర ఒత్తిడిలో ఉన్నారని, ఆత్మహత్యల వంటి ఘటనల్లో ఏటా వందమందికి పైగా పోతున్నారని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ అధ్యయనం చెబితే, శాంపిల్ చిన్నదని ఆర్మీ వర్గాలు కొట్టిపారేశాయి. 2023 అక్టోబరులో ఆర్మీయే నోరు విప్పింది: 2001 నుంచి ఆత్మహత్యలు, తమకు తాము చేసుకున్న గాయాల వల్ల ఏటా సగటున 100 నుంచి 140 మంది చనిపోతున్నారట. ఇంతకీ నోరు విప్పింది ఎందుకంటే, అలా పోయిన ఒక అగ్నివీర్‌కు సైనిక వందనం ఎందుకివ్వలేదో చెప్పడానికి! 1967 నాటి ఆర్మీ ఆర్డరు ఒప్పుకోదట. ఆర్థిక సాయం ఉంటుంది, గౌరవ వందనమే ఉండదు. అమెరికాలోనూ ఇలాంటి మడే ఉండేది; యుద్ధక్షేత్రంలో ఆత్మహత్య చేసుకున్న సైనికుల కుటుంబాలకు సంతాప లేఖలు పంపాలని 2011లో ఒబామా ఆ ఆచారం మార్చాడు. మన 1967కు ఇంకా రిటైర్మెంట్ రాలేదు.

మరి బతికుండగానే చెప్పుకోవచ్చుగా అంటారా? చెప్పుకుంటే మెడికల్ కేటగిరీ పడిపోతుందేమో, ప్రమోషన్ ఆగుతుందేమో, బ్యారక్‌లో "మెంటల్" అని పేరు పడుతుందేమో. వీటన్నిటికంటే మౌనమే చవక. పుణె సైనిక వైద్య కళాశాలలో జవాన్ల కోసం, ఫోన్‌లో మానసిక సాయం చేసే టెలీ మానస్ ప్రత్యేక విభాగం 2023 డిసెంబరులో తెరిచారు. టెలీ మానస్ నంబరు 14416కు మాజీ సైనికుడైనా, అతని భార్యైనా, మనలో ఎవరైనా ఫోన్ చేయొచ్చు. మొలల డాక్టర్ల నంబర్లతో నిండిపోయిన మన గోడల మీద ఈ అయిదంకెలకు జాగా ఎవరిస్తారో కనుక్కోవాలి.