కథ ముందుకు సాగదు

మా మేనల్లుడు 'మోబీ డిక్' చదివేశాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక మొదలుపెట్టి, టీ వేళకల్లా అహాబు కెప్టెన్ని, ఓడని, ఓడలోవాళ్లని సముద్రంలో ముంచేసి లేచాడు. 135 అధ్యాయాలు అధ్యాయానికి మూడేసి వాక్యాల చొప్పున ఫోన్లో ఉన్నాయట.

"తిమింగలం గెలిచింది మావయ్యా. ఒక్కడు బతికాడు. ఇంకేం కావాలి నీకు?"

నాకేం కావాలో వారం రోజులుగా చెప్పబోతున్నాను. రెండో వాక్యానికే "పాయింటుకి రా మావయ్యా" అంటున్నాడు.

గైడ్లు మాకు తెలియనివి కావు. డికెన్స్ రాసిన లావుపాటి నవల మా నాన్‌డీటైల్డ్ పుస్తకంలోకి వచ్చేసరికి వంద పేజీలయ్యేది. గైడులో ఆ వందా పదయ్యేవి. పరీక్ష ముందురోజు రాత్రి ఆ పదీ ఒక చీటీలోకి దిగేవి. అయితే "డికెన్స్ చదివాను" అని చెప్పుకునే ధైర్యం మాత్రం ఎవడికీ ఉండేది కాదు. గైడుకి న్యూస్‌పేపరు అట్ట వేసి, పేరు కనపడకుండా తిరిగేవాళ్లం. ఇప్పుడా అట్ట పోయింది. నా గోలంతా ఆ అట్ట గురించే.

సారాంశాల మోజు డికెన్స్ కాలం రచయితలకీ ఉండేది, కాదనను. 1836లో నెలనెలా భాగాలుగా మొదలైన 'పిక్విక్ పేపర్స్'లో ప్రతి అధ్యాయం నెత్తినా లోపలేం జరగబోతోందో డికెన్సే రాసిపెట్టాడు. అది చదివినవాడు ఆత్రంగా లోపలికి వెళ్లేవాడు. మావాడు చదివే రకంలో లోపలికి వెళ్లే పని ఉండదు.

ఇక 'మోబీ డిక్' 32వ అధ్యాయం సంగతి. ఫోన్లో దాని సారాంశం ఇది: కథ చెప్పే నావికుడు ఇష్మాయేలు తిమింగలాల రకాలు వివరిస్తాడు, కథ ముందుకు సాగదు.

అబద్ధమని అనలేను. ఓడ అంగుళం కదలదు. ఇష్మాయేలు కూర్చుని ప్రపంచంలోని తిమింగలాలన్నిటినీ పుస్తకాల సైజుల్లో సర్దుతాడు. పెద్దవి ఫోలియో, మధ్యరకం ఆక్టేవో, చిన్నవి డుయోడెసిమో. అన్నీ అచ్చాఫీసు కొలతలే. తిమింగలం చేప కాదని లిన్నేయస్ తేల్చిన సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ, చేపేనంటాడు. సాక్షి ఎవరయ్యా అంటే, బైబిల్లో పెద్ద చేప మింగిన యోనా ప్రవక్త! ఆపైన నిర్వచనం కూడా ఇస్తాడు: నీళ్లు చిమ్ముతూ, అడ్డంగా తోక ఉన్న చేప. (శాస్త్రమంతా ఒప్పేసుకుని చివర్లో "అయినా సరే" అనే పెద్దమనిషి మా పేటలోనూ ఒకాయన ఉన్నారు. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ ఓడించలేదు.) అంతటితో ఊరుకున్నాడా? తను పేర్లు మాత్రమే విన్న తిమింగలాల జాబితా ఒకటి చివర తగిలించాడు. ఇంత శ్రమపడీ, ఈ వర్గీకరణ పూర్తిచేయను పొమ్మన్నాడు. కొలోన్ చర్చి గోపురం మీద క్రేను అలాగే వదిలేయలేదా, నాదీ అంతేనన్నాడు. 1248లో మొదలైన ఆ చర్చి, ఈ నవల అచ్చయిన 1851 నాటికి నిజంగానే సగంలో ఉంది. 1880లో పూర్తయింది.

ఇదంతా "కథ ముందుకు సాగదు"లో ఎక్కడుంది? అహాబు 28వ అధ్యాయం దాకా మొహం చూపించడు. తెల్ల తిమింగలం 133లో గానీ దర్శనమివ్వదు. నవలంటే ఆ ఎదురుచూపే కదా! మావాడు హరికథకి సరిగ్గా మంగళహారతి వేళకి వెళ్లి, పళ్లెంలో చిల్లర వేసి వచ్చేశాడు.

42వ అధ్యాయంలో తెలుపు మనిషిని ఎందుకు భయపెడుతుందో తెలియక ఇష్మాయేలు పేజీలకి పేజీలు తడుముకుంటాడు. ఫోనుకి ఆ బాధ లేదు. తెలుపు అంటే శూన్యం, అయిదు మార్కులు.

వచ్చే ఆదివారానికి హ్యూగో నవల పెట్టుకున్నాడు. అదే, మనకి 'బీదలపాట్లు'గా తెలిసినది. 365 అధ్యాయాలు. వాటర్లూ యుద్ధం 19 అధ్యాయాలూ ఒక్క వాక్యంలో ముగుస్తుంది. నెపోలియన్ కూడా అంత తొందరగా ఓడిపోలేదు.

కోపం తగ్గాక మాత్రం ఇంకోటి తోస్తుంది. 'మోబీ డిక్' రాసిన మెల్విల్ 1866లో న్యూయార్కు కస్టమ్స్‌లో ఇన్‌స్పెక్టరుగా చేరి, 19 ఏళ్లు రేవుల్లో ఓడల సరుకు తనిఖీ చేశాడు. చేరిన మరుసటేడే పెద్దకొడుకు తుపాకి గుండుతో పోయాడు. పుస్తకాలు అమ్ముడుపోలేదు, జనం మరిచిపోయారు. ఆ 19 ఏళ్లకి సారాంశం రాయమంటే మావాడి ఫోను ఏం రాస్తుందో నాకు తెలుసు. ఆ మాటకొస్తే మనలో చాలామందికి అంతకంటే పెద్ద వాక్యం దక్కదు. 1891లో ఆయన పోయాక కాగితాల్లో 'బిల్లీ బడ్' అనే సముద్రపు కథ, సవరణలతో, అసంపూర్తిగా మిగిలింది. అచ్చయింది 1924లో.

మీ ఇంట్లోనూ ఇలాంటి మేనల్లుడో మేనకోడలో ఉంటే 'మోబీ డిక్' 122వ అధ్యాయం ఒక్కటి చదివించండి. తుపానులో తెరచాప దూలం దగ్గర తాళ్లు కడుతున్న టాష్టెగో అనే ఓడవాడు, ఈ ఉరుములెవడికి కావాలి, ఓ గ్లాసు రమ్ము పొయ్యండ్రా బాబూ అని సణుగుతాడు. అంతే అధ్యాయం. యాభై మాటలుండవు. సారాంశమే దానికంటే పొడుగు.