మాజీ మంత్రివర్యులు

మన జిల్లా నాయకుడికి మొదటి రాజయోగం సర్పంచ్ పదవి. తర్వాత ఎంపీపీయో, జెడ్పీటీసీయో. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చాక పదవులూ పెరిగాయి, ఆశపడేవాళ్లూ పెరిగారు. బీ-ఫారం చేతికొచ్చేదాకా ఆయన ఊరందరికీ ‘అన్న’. గెలిచిన సాయంత్రానికే ‘సారు’.

ఎమ్మెల్యే కావడం ఒక ఎత్తు, మంత్రి కావడం ఒక ఎత్తు. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ మంత్రుల సంఖ్యను అసెంబ్లీ బలంలో 15 శాతానికి కట్టేసింది. 175 సీట్ల ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికే చోటు, 119 సీట్ల తెలంగాణలో 18 మందికి. జిల్లా, కులం, సీనియారిటీ అన్నీ కలిసిరావాలి. రానివారికి విప్ పదవో, కార్పొరేషనో! 2019లో ఆంధ్రలో ఏకంగా ఐదుగురు ఉప ముఖ్యమంత్రులయ్యారంటే, బుజ్జగించాల్సినవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు.

జాబితా వచ్చే రాత్రి మనవాడు ఫోన్ చేతిలోంచి వదలడు. బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు బయట పీఏ కాపలా. తెల్లారి ‘అంతఃకరణ శుద్ధి’ దగ్గర నాలుక తడబడకుండా ప్రమాణం పూర్తిచేస్తాడు. అడిగింది రెవెన్యూ, దక్కింది పశుసంవర్ధకం.

“రాష్ట్రానికంతా పాలిచ్చే శాఖ అన్నా!” అని అనుచరుడి ఓదార్పు.

పేషీకి వచ్చేవాళ్లలో పశువుల ఊసెత్తేవాళ్లు అరుదు. ఒకరికి తిరుమల బ్రేక్ దర్శనానికి లెటర్ కావాలి, ఇంకొకరికి బావమరిది బదిలీ ఆగాలి. సారు ఎవరికీ కాదనడు. అర్జీ మీద ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి సంతకం గీకుతాడు. వెనకాలే ఫోన్ వెళ్తేనే పని జరుగుతుంది. ఆ సంగతి ఆఫీసర్లకు తెలుసు, అర్జీదారుడికే తెలీదు.

2017 మేలో కారు మీద బుగ్గ పోయినా ఎస్కార్ట్ మిగిలింది, సంతోషం. భయమల్లా పునర్వ్యవస్థీకరణ అన్న మాటకే. 1989లో ఎన్టీఆర్ ఒక్క దెబ్బకు 31 మంది మంత్రుల్ని సాగనంపారు. 2022 ఏప్రిల్‌లో జగన్ మంత్రులందరి రాజీనామాలూ తీసుకుని, 11 మందినే వెనక్కి పిలిచారు.

మన సారు ఆ పిలుపు రానివాళ్లలో ఒకడు. గన్‌మెన్ తగ్గారు, పెళ్లిళ్లలో ముందు వరుస సోఫాకి ఎసరొచ్చింది. కొత్త లెటర్‌ప్యాడ్ మాత్రం వెంటనే అచ్చయింది. అందులో ‘మంత్రి’ అన్న మాట బొటనవేలంత, ‘మాజీ’ చీమతలంత. తిరుమలలో సిఫార్సు లేఖలు చూసే గుమాస్తా కళ్లజోడు సవరించుకుని ముందు ఆ చీమతలనే చదువుతున్నాడట.