దొరికితే ఎట్లన్నా?

2024 మార్చిలో మా జిల్లాలోని ఫణిగిరి గుట్ట మీద పురావస్తు శాఖ వాళ్లు రెండడుగుల లోతున ఒక మట్టికుండ తీశారు. అందులో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల నాటివన్నారు. సూర్యాపేట బజార్లో మేం ఏటా అంతకంటే లోతుగానే తవ్వుతాం. దొరికేది మాత్రం పోయినేడు వేసిన పైపు.

అదైనా పగిలాకే తెలుస్తుంది. నీళ్లు చిమ్మితే మంచినీళ్లది, వాసనొస్తే డ్రైనేజీది, ఏమీ రాకుండా వాడకట్టులో ఫోన్లన్నీ మూగబోతే కేబుల్.

పొరలను బట్టి కాలం లెక్కగట్టడం పురావస్తు పద్ధతి. మా వీధికీ పొరలున్నాయి: అడుగున కంకర యుగం, దానిపైన తారు యుగం, ఆపైన సీసీ యుగం. ఎన్నికలొస్తే ఇంకో పొర లేస్తుంది. రోడ్డు గడప కంటే ఎత్తయ్యాక వాననీళ్లు ముందు నట్టింట్లోకొచ్చి, తర్వాత కాల్వ వెతుక్కుంటాయి.

శాసనాల్లోనైతే కాకతీయుల కాలాన్ని మించిపోయాం. పక్కనే పిల్లలమర్రిలో 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ ఎరకేశ్వరాలయం కట్టించింది. అప్పటి రాతి మీద ఎవరు కట్టించారో, ఏమిచ్చారో ఉంటుంది. ఇప్పటి శిలాఫలకం మీద ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, అధ్యక్షులు, వార్డు కౌన్సిలర్ ఉంటారు. కట్టిందేమిటో వెతుక్కోవాలి. కొన్నిచోట్ల కట్టింది ఆ ఫలకమే.

మిర్యాలగూడ, కోదాడ పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాల్వ నీళ్లు రావడానికి నాగార్జునకొండ లోయ మునిగింది. ముంచేముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి చూసి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. లోయకు ఆరేళ్లు పట్టింది. బజార్లో పెంకుటింటి అరుగుకు ఎర్రరంగు గీత, ఆదివారం తెల్లవారుజామున ఒక జేసీబీ చాలు. ఆ రోజు కోర్టుకు సెలవు.

అయినా మన సరుకుకు గిరాకీ తక్కువేం కాదు. ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లాయి. మా టేకు దర్వాజాలు తూకానికి పోయి, హైదరాబాద్ శివారు రిసార్టుల్లో తేలుతున్నాయి.

శంకుస్థాపనంటే టెంటుకూ, శాలువాలకూ, కొబ్బరికాయలకూ ఎక్కడో ఒకచోట పద్దు దొరుకుతుంది. తవ్వేముందు ఒకసారి చూసి, ఫొటో తీసి, రాసిపెట్టే మనిషికి కూడా అందులోనే ఇంత కలపరాదా అని ఒక కాంట్రాక్టరును అడిగాను. ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డాడు.

"ఏమన్న దొరికితే ఎట్లన్నా? బిల్లు ఆగుతది."