మా రోజుల్లో రివ్యూ అంటే చదవడమే

మా రోజుల్లో ఒకరు రాసిన ప్రోగ్రామును ఇంకొకరు తనిఖీ చేయడమంటే మొదటి లైను నుంచి చివరి లైను దాకా కూర్చుని చదవడం. ఇప్పుడు తెర మీద పచ్చ టిక్కులు వరసగా పడితే చాలు, అప్రూవ్ బటన్ నొక్కి లేచిపోతున్నారు. వెబ్‌సైటు రంగులు మార్చే ప్రోగ్రామైతే పోనీ అనుకుంటాను. అప్లికేషన్ చేతికి మెమొరీని నేరుగా అప్పగించే డివైస్ డ్రైవర్ విషయంలోనూ ఇదే తీరంటే మాత్రం ఊరుకోబుద్ధి కాదు.

మాది బొంతపల్లి. వీరభద్రస్వామి గుడికొచ్చే భక్తులు ఒకవైపు, మందుల ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులు ఇంకోవైపు. నా ఉద్యోగమంతా ఈ పటాన్‌చెరు, బొల్లారం, బొంతపల్లి బెల్టులోనే, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో గడిచింది. రియాక్టర్ల టెంపరేచర్, ప్రెజర్ రీడింగులను కంప్యూటర్‌లోకి తెచ్చే కార్డులకు ప్రోగ్రాములు రాసేవాళ్లం. అది డాస్ కాలం. ప్రోగ్రాములకు దక్కేది 640 కిలోబైట్లు. కార్డు మీదున్న మెమొరీ ఆ 640కి పైన ఒక అడ్రసులో కనిపించేది. పాయింటర్ పెట్టుకుంటే నేరుగా చదవొచ్చు, రాయొచ్చు. అడ్డుకునే కెర్నెల్ లేదు, అనుమతి అడిగేవాడు లేడు. ఒక్క అంకె తప్పితే మిషన్ మొత్తం బిగుసుకుపోయేది. కాపలా లేదని తెలుసు గనుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవాళ్లం.

132 కాలమ్‌ల డాట్ మ్యాట్రిక్స్ కాగితం మీద లిస్టింగ్ తీసి బల్ల మీద పరిచేవాళ్లం. రాసినవాడు ప్రతి లైనూ పైకి చదివి, అదెందుకు రాశాడో చెప్పాలి. ఎదురుగా సీనియర్ ఎర్ర పెన్సిలుతో కూర్చునేవారు. జవాబు రాని లైను ముందుకు కదిలేది కాదు.

ఒక ఫ్యాక్టరీ కోసం రాసిన ప్రోగ్రాము ముచ్చట చెప్తాను. కార్డు కొత్త రీడింగు రాగానే ‘రెడీ’ అని ఒక గుర్తు పెట్టాలి, కంప్యూటర్ ఆ గుర్తు చూసి రీడింగు తీసుకోవాలి. టెస్టులన్నీ సాఫీగా అయిపోయినయ్. లిస్టింగ్ చదువుతుంటే మా సీనియర్ పెన్సిలు ఒక చోట ఆగింది. “డేటా పెట్టకముందే రెడీ అని ఎట్ల చెప్తున్నవయ్యా?” గుర్తు పెట్టే లైను ముందుంది, రీడింగు రాసే లైను తర్వాత ఉంది. ఆ సందులో కంప్యూటర్ చదివితే పాత రీడింగే కొత్తదిగా చలామణీ అవుతుంది. రియాక్టర్ నెమ్మదిగా వేడెక్కేటప్పుడు రెండింటికీ తేడా తెలియదు, అందుకే ఏ టెస్టూ పట్టలేదు. ఒక్కసారిగా వేడి ఎగిసే రియాక్షన్‌లోనే దాని నిజస్వరూపం బయటపడేది. దాన్ని పట్టింది మనిషి కన్ను.

ఇప్పుడు మా ఊరి పిల్లలు రింగు రోడ్డెక్కి గచ్చిబౌలి చిప్ కంపెనీలకు పోయి లినక్స్ డ్రైవర్లు రాస్తున్నారు. అది చూస్తే ఛాతీ ఉప్పొంగుతుంది. చిప్ కంపెనీ జైలింక్స్ వారి వీడియో డీఎంఏ డ్రైవర్ 2014లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. దాని మార్పుల చరిత్ర తిరగేస్తే తెలుగు ఇంటిపేర్లు కనిపిస్తాయి. ఆ కంపెనీని 2022లో ఏఎండీ కొన్నది. పని మాత్రం హైదరాబాద్‌లో సాగుతూనే ఉంది.

ఇలాంటి డ్రైవర్లకు వేగం అవసరం లేదని నేననను. 1920 బై 1080 వీడియోలో పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున ఒక్కో ఫ్రేము దాదాపు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 ఫ్రేములంటే 50 కోట్ల బైట్ల దాకా పోతుంది. దాన్ని కెర్నెల్ బఫర్ నుంచి అప్లికేషన్ బఫర్‌లోకి మళ్లీ కాపీ చేస్తే ప్రాసెసర్ కాలం ఎంతో ఆ మోతకే పోతుంది. అందుకే డ్రైవర్ ఎంమ్యాప్ అనే దారిలో ఆ మెమొరీ పేజీలనే అప్లికేషన్‌కు కనపడేలా చేస్తుంది. కాపీ లేదు, ఆలస్యం లేదు. కానీ కెర్నెల్ కట్టిన గోడకు అక్కడ ఒక తలుపు తెరుచుకుంటుంది.

ఆ తలుపును సరిగ్గా చూసుకోకపోతే ఏమవుతుందో 2012 డిసెంబరులో లోకమంతా చూసింది. శాంసంగ్ ఎక్సినోస్ 4 చిప్ ఉన్న గెలాక్సీ ఎస్3, నోట్2 ఫోన్లలో ఎక్సినోస్-మెమ్ అనే డివైస్ ఉండేది. కెమెరా, గ్రాఫిక్స్ పనుల కోసం పెట్టిన ఆ తలుపును చదవడానికీ రాయడానికీ అందరికీ బార్లా తెరిచి వదిలేశారు. ఏ అప్లికేషన్ అయినా ఫోన్ మెమొరీ మొత్తాన్ని చూడొచ్చు, మార్చొచ్చు. లక్షలాది జేబుల్లోకి ఆ ఫోన్లు పోయాక గానీ సంగతి బయటపడలేదు.

మొన్న మా ఊరి కమాన్ దగ్గర మా వాడకట్టు పిల్లగాడు కలిసి, “కాకా, మా డ్రైవర్ వేగం రెండింతలైంది. టెస్టులన్నీ పాసైనయ్. రివ్యూ గూడ అయిపోయింది,” అన్నాడు. “ఎంతసేపు చూసిన్రు బిడ్డా?” అంటే, “మధ్యాహ్నం పంపిన, సాయంత్రం లోపట ఓకే అన్నరు,” అన్నాడు. నేను అడగాల్సినవన్నీ అక్కడే నిలబడి అడిగాను. అప్లికేషన్ అడిగిన ఆఫ్‌సెట్, సైజు రెండూ కూడితే లెక్క పొంగి చిన్న అంకెగా మారదు కదా? ఇచ్చే పేజీలను ముందు సున్నాలతో తుడిచారా, లేక ఇంకొకరి డేటా అందులోనే ఉందా? చదవడానికి మాత్రమే ఇచ్చిన పేజీకి తర్వాత ఎంప్రొటెక్ట్ అనే కాల్‌తో రాసే హక్కు తెచ్చుకోకుండా మూశారా? అప్లికేషన్ ఇంకా వాడుతుండగానే బఫర్‌ను విడుదల చేయమని అడిగితే ఏమవుతుంది? పేజీలను మెమొరీలో కదలకుండా పిన్ చేస్తూ సగంలో ఫెయిలైతే, అప్పటిదాకా పట్టుకున్నవి వదులుతున్నారా?

ఇంకొకటి కూడా అడిగాను. రెడీ గుర్తు ముచ్చటే. ఇవాళ డేటా ముందు, గుర్తు తర్వాత అని సరైన వరసలో రాసినా సరిపోదు. ఇంటెల్ ప్రాసెసర్ రాతల వరసను కాపాడుతుంది. ఆర్మ్ ప్రాసెసర్ ఆ వరస మార్చగలదు, మధ్యలో మెమొరీ బ్యారియర్ పెట్టాల్సిందే. టేబుల్ మీది ఇంటెల్ మిషన్‌లో పాసైన డ్రైవరే కస్టమర్ ఆర్మ్ బోర్డు మీద ఎప్పుడో ఒకసారి పాత డేటా ఇవ్వొచ్చు. అప్పటి తప్పు పేరు మార్చుకుని మళ్లీ వచ్చింది.

టూల్స్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచివే. 2015లో కెర్నెల్‌లోకి వచ్చిన కేసన్ అనే టూల్, విడుదలైన మెమొరీని ముట్టుకుంటే అక్కడికక్కడే చెప్తుంది. అది మాకు ఉంటే ఎన్ని రాత్రులు నిద్రపోయేవాళ్లమో. అయితే ఆ దారిలో ప్రోగ్రాము నడిస్తేనే అది చెప్పగలదు. పిన్ చేయడం సగంలో ఆగే దారి ఏ టెస్టులోనూ నడవకపోతే టూల్ మూగగానే ఉంటుంది.

మా బెల్టులో రియాక్టర్ దగ్గర వెల్డింగ్ చేయాలంటే హాట్ వర్క్ పర్మిట్ కావాలి. సంతకం పెట్టేవాడు గ్యాస్ మీటర్ పట్టుకుని అక్కడికి పోవాలి, లైన్లకు బ్లైండ్లు వేశారో లేదో స్వయంగా చూడాలి. గదిలో కూర్చుని పెట్టిన సంతకాన్ని ఏ వర్కరూ నమ్మడు. రివ్యూ కూడా అలాంటి సంతకమే. లినక్స్‌లో ‘రివ్యూడ్-బై’ అన్న లైనుకు కెర్నెల్ డాక్యుమెంటేషనే అర్థం చెప్పింది: ఈ ప్యాచ్‌ను సాంకేతికంగా పరిశీలించాను, నా సందేహాలకు జవాబు దొరికింది, ఇది చేరదగ్గదని నమ్ముతున్నాను అని. ప్యాచ్ చదవకుండా పెట్టిన పేరు అబద్ధపు సాక్ష్యం.

మేనేజర్లకు ఒక మాట. చదవడానికి పట్టే కాలాన్ని పనిగా లెక్కకట్టండి. మెమొరీని అప్పగించే రెండు వందల లైన్లకు ఒక పూట పడుతుందంటే ఇవ్వండి, రివ్యూ చేసేవాణ్ణి తొందరపెట్టకండి.

మా ఊరి పిల్లలకు ఒక మాట. అలాంటి ప్యాచ్ మీ ముందుకొస్తే ఫెయిలయ్యే దారి ముందు చదవండి, విడుదల చేసే దారి తర్వాత చదవండి, వేగం అంకె చివర్న చూడండి. అర్థం కాని లైను ఒక్కటి మిగిలినా రాసినవాణ్ణి కూర్చోబెట్టి అడగండి. అతను చెప్పేదాకా మీ పేరు ఇవ్వకండి.