గురి తప్పించి కొట్టండి

వడిసెల పట్టినవాడికి మా అనంతపురం పక్క ఎవరైనా చెప్పే మాట, గురి చూసి కొట్టమని. నేను గురి తప్పించి కొట్టమంటాను. తిక్క సలహా అంటారు, అననీయండి. కంకి పాలు పోసుకున్నాక చిలకలు గుంపుగా దిగుతాయి. రాయి తగిలితే ఒక చిలక పడుతుంది, తక్కినవి నాలుగు సాళ్ల అవతల వాలి మళ్లీ తింటాయి. తలల పైనుంచి రివ్వున పోయిందా, గుంపంతా లేస్తుంది. 550 మిల్లీమీటర్ల వాన కురవడమే గగనమైన చోట మనకు దక్కాల్సింది గింజలు, చచ్చిన పిట్టతో పనేముంది?

గుండ్రాళ్ల కోసం చిత్రావతి ఇసుకలో వెతక్కండి. బంకమట్టి పిసికి నిమ్మకాయంత ఉండలు చేసి ఎండబెట్టండి. మట్టి రాయంత దూరం పోదు, ఒప్పుకుంటాను. కానీ ఏ రెండు రాళ్ల తూకమూ ఒకటి కాదు, విసిరిన ప్రతిదీ ఒక్కో దిక్కుకు పోతుంది. తలల పైనుంచి పంపాలన్నా చేతికి లెక్క కుదరాలి కదా. రైఫిల్ షూటర్లకూ ఇదే బాధ. .22 తూటాలో సీసం సుమారు 2.6 గ్రాములే. అయినా పెద్ద పోటీలకు పోయేవాళ్లు లాటు తర్వాత లాటు కాల్చి చూసి, తమ తుపాకికి కుదిరినదాన్నే ఏరుకుంటారు. రోమన్లు వడిసెల గుండ్లను సీసంతో బాదంకాయల్లా పోతపోశారు. మనకు సీసం వద్దు, మట్టే మేలు: పడినచోట పగిలి నేలలో కలుస్తుంది, రాయిలాగా గుంటకకు తగలదు. చిన్నదైతే దూరం పోతుందని గోలీలంత చేయకండి, తేలికదాన్ని గాలి తొందరగా ఆపేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం కొస. కిత్తనారతో పేనిన వడిసెలకు, వదిలే కొసన నార విడదీసి కుచ్చు ఉంచండి. వదలగానే కొరడాలా ఛెళ్లుమంటుంది. చాలాసార్లు ఉండే అక్కర్లేదు, ఆ చప్పుడే చాలు. అవతల గొర్రెలు మేపేవాళ్లుంటే మాత్రం అటు విసరొద్దు.

నాటు తుపాకి ఊసే ఎత్తొద్దు. లైసెన్సు లేకుండా దాన్ని ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం, చిలకను చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

వేరుశనగ వచ్చాక జొన్న, కొర్ర వేసేవాళ్లు తగ్గిపోయారు. ఊరికి ఒక్క చేనే ఉంటే చుట్టుపక్కల పిట్టలన్నీ దాని మీదే పడతాయి, ఏ వడిసెలా ఆపలేదు. ఈసారి జొన్న వేసేవాళ్లు నలుగురూ మాట్లాడుకుని పక్కపక్క చేలలో ఒకే పదునుకు విత్తండి. మంచె ఒక్కటే వేసుకుని వంతులవారీగా కాయండి.